ఎవరి పిల్లనూ కాను

క్రితం వారం బ్రిన్ థాక్స్‌టర్‌ను కాలేజీ ఆర్థిక సాయం ఆఫీసు గుమ్మంలో, తలుపు మీద చెయ్యి వేసి ఉండగా వదిలాం. ఆమె లోపలికి అడుగు పెట్టలేకపోయింది. తనకోసం వేసిన కుర్చీలో తండ్రి కూర్చుని ఉన్నాడు మరి.

బ్రిన్‌కు పందొమ్మిదేళ్ళు. ఇరవై నాలుగు నిండేదాకా కాలేజీ పిల్లలు అక్కడి చట్టం దృష్టిలో తల్లిదండ్రుల పిల్లలే. వాళ్ళ ఆదాయం చూపించి, వాళ్ళ సంతకం పెట్టిస్తేనే ప్రభుత్వ సాయం అందుతుంది. ఆమె తండ్రి సంతకం పెట్టడు. అందుకే తనను స్వతంత్ర విద్యార్థిగా గుర్తించమని బ్రిన్ అర్జీ పెట్టుకుంది. తండ్రి తనను వెళ్ళగొట్టాడని చెప్పడానికి ఒప్పుకున్న ఒకే ఒక్క మనిషి, ఆయన వేట పడవలో పనిచేసే ముసలి ఐవరీ. ఆ ఐవరీ కూడా ఆ ఉదయమే ఫోన్ చేసి మాట వెనక్కి తీసుకున్నాడు. సాయం అందకపోతే నర్సింగ్ చదువు ఇక్కడితో ఆఖరు.

ఇంకో సంగతి కూడా గుర్తుండాలి. గుడ్లతో ఉన్న ఆడ లాబ్‌స్టర్లను, అంటే పెద్ద సముద్రపు రొయ్యలను, చట్టం ప్రకారం సముద్రంలో వదిలెయ్యకుండా, గుడ్లు గీకేసి అమ్ముకున్నాడని తండ్రి డెల్ థాక్స్‌టర్ మీద నేరం పడింది. గస్తీ అధికారులకు ఆ సంగతి చెప్పింది కూతురే. అతని వేట లైసెన్సు మీద విచారణ సోమవారం జరుగుతుంది. ఇవాళ శుక్రవారం.

"రా, అలా నిలబడ్డావేంటి?" అన్నాడు డెల్. బూటు కొనతో పక్క కుర్చీని ముందుకు నెట్టాడు. "సొంత మనుషుల దగ్గర సిగ్గెందుకు?"

అతను గడ్డం గీసుకుని, పెళ్ళిళ్ళకూ చావులకూ తప్ప తియ్యని తెల్ల చొక్కా వేసుకున్నాడు. బల్ల మీద ఒక కాగితం సంచీ, అందులో పంచదార అద్దిన వేడి డోనట్లు ఉన్నాయి. బల్లకు అవతల కూర్చున్న ఆర్థిక సాయం అధికారి మిసెస్ ఔలెట్ గడ్డం కింద కొంచెం పంచదార పొడి అంటుకుంది. బ్రిన్ చూసింది. డెల్ ఏ గదిలోకి వెళ్ళినా ముందు అక్కడి మనుషులకు తినడానికి ఏదో ఒకటి పెడతాడు.

మిసెస్ ఔలెట్ బ్రిన్ చూపు గమనించి గడ్డం తుడుచుకుంది. సంచీని బల్ల చివరకు జరిపింది.

"బ్రిన్, మీ నాన్నగారిని నేను పిలవలేదు. ఆయనే వచ్చారు. నీ అనుమతి లేకుండా నీ అర్జీ గురించి ఆయనతో ఒక్క ముక్క మాట్లాడటానికి నాకు వీల్లేదు. నువ్వు వద్దంటే ఇప్పుడే బయటికి పంపిస్తాను."

డెల్ నవ్వాడు. "చూశావా? కన్నకూతురి గురించి మాట్లాడటానికి నాకు పర్మిషన్ కావాలంట. నువ్వివ్వాలంట!"

వద్దు అంటే సరిపోయేది. బ్రిన్ నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అతన్ని బయటికి పంపితే ఏం చేస్తాడో ఆమెకు తెలుసు. వరండాలో నిలబడి, వచ్చేపోయే గుమస్తాలందరికీ డోనట్లు పంచుతూ తన గోడు చెప్పుకుంటాడు. సాయంత్రానికి ఆ భవనంలో అందరూ అతని వైపు ఉంటారు.

"ఉండనివ్వండి మేడమ్," అంది. "నా వెనక అనేదేదో నా ముందే అనమనండి."

"ఆలోచించుకునే అంటున్నావా?"

"ఆలోచించుకునే."

ఆమె లోపలికి వచ్చి, తండ్రి నెట్టిన కుర్చీని వదిలేసి, గోడ పక్కనున్న ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది.

డెల్ తన కథ మొదలుపెట్టాడు. బాగా చెప్పాడు. బ్రిన్ గది అలాగే ఉంది, మంచం మీద దుప్పటి కూడా మార్చలేదు. తాళం అనే వస్తువు వాళ్ళుండే గ్యానెట్ రేవులో ఏ తలుపుకీ లేదు. తల్లి వదిలేసి పోయాక పదేళ్ళు ఒంటిచేత్తో పెంచాడు. జ్వరమొస్తే పడవ తియ్యకుండా ఇంట్లో కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళకే పిల్లల లైసెన్సు ఇప్పించి, లాబ్‌స్టర్లు పట్టే పది బోనులు చేసిచ్చి, వాటి ఆనవాలుగా నీళ్ళ మీద తేలే బెండ్లకు రంగు ఏదో తననే ఎంచుకోమన్నాడు.

"ఆకుపచ్చ కావాలంది. పసుపు పట్టీ. ఆ నీళ్ళలో ఆకుపచ్చ కనపడి చావదు మేడమ్. అయినా సరే అన్నాను." గొంతు కొంచెం తగ్గించాడు. "ఆడపిల్ల అలిగి వెళ్ళింది. అంతే సంగతి. ఏ ఇంట్లో లేదు? దానికోసం గవర్నమెంటు కాగితాల మీద నాకు తండ్రి లేడని రాయించుకుంటారా?"

అందులో చాలావరకు నిజమే.

మిసెస్ ఔలెట్ కలం పక్కన పెట్టింది. "బ్రిన్, ఇంటి తలుపు తెరిచే ఉందని ఆయన అంటున్నారు. అది నిజమైతే నేను చెయ్యగలిగింది లేదు. నీ అంతట నువ్వు వచ్చేశావా, ఆయన తెంచుకున్నారా అన్నదే నాకు కావాలి. మిగతావి నాకు అక్కర్లేదు."

"తలుపు తెరిచే ఉందా?" అంది బ్రిన్ తండ్రి వైపు తిరిగి. "అయితే సంతకం పెట్టు. ఇప్పుడే, ఇక్కడే. మేడమ్ కంప్యూటర్ ఇస్తారు. నీ ఆదాయం అంకె వేసి సంతకం పెడితే ఈ గొడవే ఉండదు. నేను అర్జీ చించేసుకుని పోతాను."

"పెడతాను. పెట్టనన్నానా?"

"పెట్టు మరి."

మిసెస్ ఔలెట్ నిజంగానే తెరను అతని వైపు తిప్పింది. డెల్ దాని వంక చూశాడు. చేతులు మోకాళ్ళ మీద నుంచి లేవలేదు.

"మంగళవారం పెడతాను."

"ఇవాళ ఎందుకు కాదు?"

"పనులుంటాయి మనిషికి."

"సోమవారం ఉంది పని. నేను విచారణకి వచ్చి, ఆ రోజు మంచులో సరిగ్గా కనపడలేదండీ, పొరపాటు పడ్డానండీ అని చెప్పాలి. చెబితే మంగళవారం సంతకం. అంతేగా? పోయిన ఆదివారం చర్చి ముందు ఆపి చెప్పావు, మేడమ్‌కి కూడా చెప్పు."

డెల్ బుగ్గలో దవడ ఎముక కదిలింది. "నీ నోరే నీకు శత్రువే పిల్లా. మీ అమ్మ పోలిక."

"గుడ్లు గీకే బ్రష్షు నీ చేతిలో ఉంది. గుడ్లు నీ చేతి తొడుగు మీద ఉన్నాయి. నేను పక్కనే నిలబడి ఉన్నాను. మంచూ లేదు, మబ్బూ లేదు. అడిగారు, చెప్పాను. మళ్ళీ అడిగితే మళ్ళీ చెబుతాను."

"ఆ లైసెన్సుతోనే నీ నోట్లోకి తిండి వచ్చింది!"

"వచ్చింది. ఆ గుడ్లు సముద్రంలో ఉండి పిల్లలై పెరిగితే ఐవరీ మనవడి నోట్లోకి కూడా వచ్చేది."

మిసెస్ ఔలెట్ ఒక చెయ్యి పైకెత్తింది. ఇద్దరూ ఆగారు. ఆమె కాసేపు కణతలు నొక్కుకుంది. బ్రిన్ వైపు తిరిగి మాట్లాడినప్పుడు గొంతు మెత్తగానే ఉంది, మాట మాత్రం మెత్తగా లేదు.

"నాకు నచ్చి చెప్పడం లేదు. తండ్రి సంతకం పెట్టననడం కారణం కాదు. షరతు పెట్టడం కారణం కాదు. డబ్బు ఇవ్వననడం కూడా కారణం కాదు. అవన్నీ ఉన్నా నువ్వు ఆయన పిల్లవే అంటుంది రూలు. ఆయన నిన్ను తనదానివి కాదని వదిలేసుకున్నట్టు, బంధం తెగినట్టు నాకు తెలియాలి. మీ ఇద్దరూ కాని మనిషెవరైనా దానికి సాక్ష్యం చెప్పాలి."

"ఐవరీ చెప్పాడు కదా."

"వెనక్కి తీసుకున్నాడు. తనకేమీ గుర్తులేదన్నాడు."

"ముసలాడు," అన్నాడు డెల్ సానుభూతిగా. "పొద్దున ఏం తిన్నాడో మధ్యాహ్నానికి మర్చిపోతాడు. మేడమ్, రేవు మొత్తం అడగండి. నేను ఈ పిల్లని గెంటేశానని ఒక్కడంటే ఒక్కడు చెప్పమనండి."

అతనికి తెలుసు, ఎవరూ చెప్పరని. బ్రిన్‌కూ తెలుసు. ఆమె బట్టల మూటలు రేవు చెక్కల మీద వానలో తడుస్తున్నప్పుడు అటుగా నడిచి వెళ్ళినవాళ్ళు తక్కువేమీ కాదు. వాళ్ళలో సగంమంది సోమవారం విచారణలో డెల్ కోసం చొక్కా ఇస్త్రీ చేయించుకుని ముందు వరసలో కూర్చుంటారు. గ్యానెట్ రేవు తన మనిషి మీద బయటివాడికి చెప్పదు. చెప్పినదాని గతి ఏమిటో చూశాక అసలే చెప్పదు.

మిసెస్ ఔలెట్ అర్జీ కాగితాలను ఒకచోట చేర్చి అంచులు సరిచేసింది. అలా సరిచేసిందంటే ముగించబోతోందని అర్థం. డెల్ డోనట్ల సంచీలోంచి ఒకటి తీసి కొరికాడు. అతనికి ఆకలి లేదు. గెలిచినప్పుడు ఏదో ఒకటి నమలడం అతని అలవాటు.

ఆ నమలడం చూశాకే బ్రిన్‌కు భయం పోయింది.

"నాన్నా, ఒక్కటి అడుగుతాను," అంది. "పోయిన ఆగస్టులో నా బెండ్లకి ముడి ఎవరు వేశారు?"

డెల్ దవడ ఆగిపోయింది.

"ఏ ముడి?" అంది మిసెస్ ఔలెట్. ఆమెది లోపలి ఊరు, కాగితపు మిల్లు ఊరు. సముద్రం సంగతులు ఆమెకు తెలియవు.

"నీళ్ళ మీద తేలే బెండుకి పైన ఒక పుల్ల ఉంటుంది మేడమ్," అంది బ్రిన్, తండ్రి మొహం మీద నుంచి చూపు తిప్పకుండా. "మా నీళ్ళలో వెయ్యకూడనివాడు బోను వేస్తే, ఆ బెండు పుల్లకి తాడుతో రెండు చుట్లు చుట్టి ముడి బిగిస్తారు. మాట ఉండదు, గొడవ ఉండదు. వాడు పొద్దున్నే వచ్చి ముడి చూసుకుంటాడు. అర్థం చేసుకుని బోనులు తీసుకుపోతే బతుకుతాడు. పోకపోతే తర్వాత తాళ్ళు కోసేస్తారు. బోనులు అడుక్కి పోతాయి. నావి పోయాయి."

"కోసింది ఎవడో నాకు తెలీదు," అన్నాడు డెల్ వెంటనే.

"కోత గురించి నేను అడగలేదే! కోత గురించి ఎవరూ నిజం చెప్పరని నాకూ తెలుసు. ముడి అడుగుతున్నాను."

డెల్ మిగిలిన డోనట్‌ను సంచీ మీద పెట్టాడు. వేళ్ళకున్న పంచదార ప్యాంటుకు తుడుచుకున్నాడు. కిటికీ వైపు చూశాడు.

కాదు అనొచ్చు. ఆ గదిలో అతన్ని పట్టుకోగలిగేవాళ్ళు లేరు. చిన్న మాట. కానీ గ్యానెట్ రేవులో మగవాళ్ళు పన్నులవాళ్ళకు అబద్ధం చెబుతారు, గస్తీవాళ్ళకు చెబుతారు, పెళ్ళాలకు సరేసరి. వేసిన ముడిని మాత్రం మొహం మీద అడిగితే వెయ్యలేదని అనరు. ముడి వేసి కాదన్నవాడికి మర్నాడు రేవులో ఎర అమ్మేవాడుండడు, పక్కన పడవ కట్టనిచ్చేవాడుండడు. వాడు రాత్రిపూట వచ్చి పరాయివాళ్ళ బోనులు ఎత్తుకుపోయే దొంగతో సమానం. డెల్ తండ్రి ఒకసారి కోర్టులో జడ్జి అడిగితే నిలబడి అవును నేనే వేశానన్నాడు. జరిమానా కట్టి బయటికి వస్తే రేవు మొత్తం చేతులు కలిపింది. ఆ కథ బ్రిన్ ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి వింటూనే ఉంది.

"ఇక్కడ రేవువాళ్ళు ఎవరున్నారే నువ్వు అడగడానికి?" అన్నాడు డెల్ చివరికి.

"నేనున్నాను. నేను రేవుదాన్ని కాదా?"

డెల్ తన బూటు కొన వైపు చూసుకున్నాడు.

"చెప్పు. రేవుదాన్నయితే అడిగే హక్కు నాకుంది, నువ్వు చెప్పాలి. రేవుదాన్ని కాదంటావా, అదే మేడమ్‌కి చెప్పేసెయ్, రాసుకుంటారు. నాకు రెండూ ఒకటే."

బయట హిమంతో కలిసిన వాన కిటికీ అద్దాల మీద గీరుతోంది. వరండాలో ఎవరో కాగితాల బండి తోసుకుంటూ పోయారు.

"నేనే వేశాను," అన్నాడు డెల్.

గొంతు తగ్గలేదు. పైగా వెన్ను నిటారైంది. మిసెస్ ఔలెట్ వైపు తిరిగి, అడగకుండానే చెప్పసాగాడు. "అవును, వేశాను. అన్నిటికీ వేశాను. తెల్లారి, అందరూ పడవలెక్కే వేళ, అందరి కళ్ళ ముందు వేశాను. దొంగచాటుగా కాదు. ఎందుకు వెయ్యకూడదు? నా మీద గస్తీవాళ్ళకి చెప్పి, మళ్ళీ నా నీళ్ళలోకే వచ్చి బోనులు దింపుతుందా? ఎంత పొగరు!"

"మిస్టర్ థాక్స్‌టర్," అంది మిసెస్ ఔలెట్ మెల్లగా. కలం మళ్ళీ చేతిలోకి వచ్చింది. "నాకు తెలియక అడుగుతున్నాను. ఈ ముడి ఎవరికి వేస్తారు మామూలుగా?"

"ఇంకెవరికి? బయటివాళ్ళకి. పక్క రేవు నుంచి ఎగబడి వచ్చేవాళ్ళకి."

"సొంత పిల్లల బోనులకి వేస్తారా ఎవరైనా?"

"సొంత పిల్లలకా?" డెల్ ముక్కుతో నవ్వాడు. ఆమె తెలివితక్కువతనానికి నవ్వొచ్చింది అతనికి. "సొంత పిల్లకి ఎవడు వేస్తాడమ్మా? వేసినవాడు మనిషేనా?"

మిసెస్ ఔలెట్ రాస్తోంది. కలం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తనేమన్నాడో డెల్‌కు ఆ చప్పుడు వింటుంటే తెలిసొచ్చింది. మెడ దగ్గర మొదలైన ఎరుపు నెమ్మదిగా చెవులదాకా పాకింది.

బ్రిన్ నవ్వలేదు. ఏడవనూ లేదు. ఆగస్టులో ఆ తెల్లవారుజామున చిన్న తెడ్డు పడవలో నిలబడి, మొదటి బెండు చూసి, ఎవరో పొరపాటున వేసి ఉంటారనుకుంది. రెండోది చూసింది. మూడోది చూశాక ఆ బిగింపు గుర్తుపట్టింది. ఆ బిగింపు ఆమెకు నేర్పింది అతనే.

"ఆ మాట ఇప్పుడు అన్నావు," అంది. "ఇన్నాళ్ళూ తలుపు తెరిచే ఉందని చెబుతున్నావు. నువ్వు తలుపు ఇంట్లో తెరిచిపెట్టి సముద్రంలో మూశావు. అందరి ముందు నన్ను బయటిదాన్ని చేశావు. సరే, బయటిదాన్నే. నీ గది నువ్వే ఉంచుకో, దుప్పటీ ఉంచుకో. నేను ఎవరి పిల్లనూ కాను. ఆ మాట కాగితం మీద రాయించుకునేదాకా ఈ కుర్చీలోంచి లేవను."

"ఏమే..."

"ఏమే గీమే ఇంక కుదరదు డెల్."

పేరు పెట్టి పిలిచింది. పడవలో కూడా ఎప్పుడూ పిలవలేదు. డెల్ చెంప మీద కొట్టినట్టు వెనక్కి వాలాడు.

మిసెస్ ఔలెట్ రాసింది ఒకసారి చదువుకుని, కింద తేదీ వేసింది. "మీ ఇద్దరూ కాని మనిషి కావాలన్నాను. ఇక్కడ ఆ మనిషిని నేనే. నా చెవులతో విన్నాను. మిస్టర్ థాక్స్‌టర్, మీ వరకు నాకు సరిపోయింది. ఇక మీరు వెళ్ళొచ్చు. డోనట్లు తీసుకెళ్ళండి."

డెల్ సంచీ ముట్టుకోలేదు, కుర్చీలోంచి లేవనూ లేదు.

"ఇక ఒక్కటే మిగిలింది," అంది మిసెస్ ఔలెట్ అర్జీ తిప్పుతూ. "మీ అమ్మ. నీకు తొమ్మిదేళ్ళప్పుడు వెళ్ళిపోయింది, అప్పటి నుంచి ఏ సమాచారమూ లేదు, ఎక్కడుందో తెలియదు అని రాశావు. ఇప్పటికీ అంతేనా?"

"అంతే. ఫోన్ లేదు, ఉత్తరం లేదు. ఎవరిని అడిగినా తెలీదన్నారు."

"అలాగైతే సంతకం పెట్టేస్తాను. నువ్వు..."

డెల్ గట్టిగా నవ్వాడు. ఇందాక నవ్విన నవ్వు కాదు. లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి, చొక్కా చేతితో అద్దం మీది ఆవిరి తుడిచాడు.

"ఆగండి మేడమ్. తొందరపడకండి. నన్ను బయటికి నెట్టేశారు, బాగుంది. కానీ పిల్లకి ఇద్దరుంటారు కదా. ఇటు రావే. కింద నా బండి చూడు."

బ్రిన్ కదల్లేదు. చివరికి లేచి కిటికీ దగ్గరకు వెళ్ళింది.

కింద, తడిసిన పార్కింగ్‌లో తండ్రి ఎర్ర ట్రక్కు. పక్క సీటులో ఒక ఆడమనిషి. నీలం రంగు చలికోటు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. బ్రిన్‌కు గుర్తున్న జుట్టు పొడుగ్గా ఉండేది. కానీ ఆమె చేతి గడియారాన్ని మణికట్టు లోపలి వైపుకి తిప్పుకుని చూసుకుంది. అలా చూసుకునే మనిషి బ్రిన్‌కు ప్రపంచంలో ఒక్కతే తెలుసు.

"రోవెనా," అన్నాడు డెల్ మిసెస్ ఔలెట్‌కు పరిచయం చేస్తున్నట్టు. "దీన్ని కన్న తల్లి. ఉత్తరాన, బంగాళాదుంపల ఊళ్ళలో ఉంటుంది. మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఆయనకి పొలాలు ఉన్నాయి మేడమ్, ఆ చివర నుంచి ఈ చివరకి నడవాలంటే మధ్యలో అన్నం మూట విప్పుకోవాలి. పొద్దున్నే వెళ్ళి తీసుకొచ్చాను. సంతకం పెడతానంది. మొగుడి ఆదాయం కూడా చూపిస్తానంది. పిల్ల కోసం వచ్చింది, పాపం."

మిసెస్ ఔలెట్ కలం మూత పెట్టింది. మొహంలో రంగు మారింది.

"అంటే?" అంది బ్రిన్. "మేడమ్, అంటే ఏంటి?"

"తల్లి దొరికితే, సంతకానికి సిద్ధంగా ఉంటే, నువ్వు స్వతంత్రురాలివి కావు. ఆమె పిల్లవి. ఆమె ఆదాయమే కాదు, ఆమె భర్తదీ లెక్కలోకి వస్తుంది. ఆయన నీకు ఒక్క సెంటు ఇవ్వకపోయినా సరే. అంత ఉన్నవాళ్ళ పిల్లకి..." ఆమె ముగించలేదు.

"సాయం రాదు," అన్నాడు డెల్. "నాది కాకపోతే వాళ్ళమ్మది. ఎవరిదో ఒకరిది అయి తీరాలి కదా. రూలు నాది కాదు, మీదే. ఇంకా టైముంది పిల్లా. సోమవారం నాతో రా, మంగళవారం నా సంతకం తీసుకో. ఆవిడని ఇటునుంచి ఇటే దింపేసి వస్తాను. మేడమ్ చూడలేదు, నేను చెప్పలేదు."

"నేను విన్నాను మిస్టర్ థాక్స్‌టర్," అంది మిసెస్ ఔలెట్ కటువుగా.

బ్రిన్ ఆ మాటలు వినడం లేదు. "ఎక్కడుందో నీకు తెలుసా?" అంది. "ఇన్నేళ్ళూ తెలుసా?"

"ఎప్పుడూ తెలుసు."

"నేను రోజూ అడిగేదాన్ని. బడి నుంచి వచ్చి రేవు మీద కూర్చుని రోజూ అడిగేదాన్ని. తెలీదనేవాడివి."

"ముడి కాదుగా, నిజం చెప్పడానికి," అన్నాడు డెల్.

కింద ట్రక్కు తలుపు తెరుచుకుంది. నీలం కోటు మనిషి దిగి, వానకు తల వంచుకుని, భవనం వైపు నడవడం మొదలుపెట్టింది.

బ్రిన్ పరుగెత్తింది. వెనక కుర్చీ పడింది, తండ్రి ఏదో అరిచాడు. వరండా, మలుపు, మెట్లు. ఆమె సగం మెట్లు దిగేసరికి కింది తలుపు తోసుకుని ఆ మనిషి లోపలికి వచ్చింది. కోటు మీంచి నీళ్ళు కారుతున్నాయి. తలెత్తింది.

ఇద్దరి మధ్యా పదేళ్ళు, కొన్ని మెట్లు.

"బ్రిన్నీ," అంది ఆమె. గొంతు మారలేదు. చెయ్యి రెయిలింగ్ మీద వేసి, ఒక కాలు మొదటి మెట్టు మీద పెట్టింది.

"ఆగు!" అంది బ్రిన్. పదేళ్ళ తర్వాత తల్లితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. "అక్కడే ఆగు. ఇంకొక్క మెట్టు ఎక్కావంటే నువ్వు మా అమ్మవైపోతావు."

ఆమె ఆగింది. అర్థం కాలేదు మొదట. తర్వాత కళ్ళు బ్రిన్ భుజం మీదుగా పైకి పోయాయి.

పైన మెట్ల దగ్గర డెల్ నిలబడి ఉన్నాడు. అతని వెనక, చేతిలో అర్జీ పట్టుకుని మిసెస్ ఔలెట్.

"అడగండి మేడమ్!" అన్నాడు డెల్. "ఎవరో అడగండి. అడగడం మీ ఉద్యోగం కదా."

మిసెస్ ఔలెట్ బ్రిన్ వైపు చూసింది. క్షమించమన్నట్టు చూసింది. ఉద్యోగం ఉద్యోగమే.

"మేడమ్," అంది కింద నిలబడ్డ మనిషితో, "నేను ఈ కాలేజీ ఆర్థిక సాయం అధికారిని. ఈ అమ్మాయికి మీరు ఏమవుతారు?"

ఆ జవాబు వినాలని బ్రిన్ తొమ్మిదేళ్ళ వయసు నుంచి రేవు చెక్కల మీద కూర్చుని ఎదురుచూసింది. ఇప్పుడు రెండు చేతులూ చాచి మెట్లకు అడ్డంగా నిలబడింది. ఆ ఒక్క మాట తప్ప ఇంకేదైనా అను అని కళ్ళతోనే తల్లిని శాసించింది.

రోవెనా కూతురి మొహంలోకి చూస్తూ, రెయిలింగ్ మీంచి చెయ్యి తీసి, నోరు తెరిచింది.